ఎయిర్‌పోర్టులో బ్యాగును తుడిచేది ఎందుకు? ఆ యంత్రం ఇంకేం పసిగట్టగలదు?

విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దగ్గర సిబ్బంది ఒక్కోసారి మీ బ్యాగును చిన్న పట్టీతో తుడిచి, దాన్ని ఓ యంత్రంలో పెడతారు. సెకన్లలో ఫలితం వస్తుంది. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే ఇలాంటి యంత్రాల్లో చాలావాటిలో ఉండే టెక్నాలజీ పేరు అయాన్‌ మొబిలిటీ స్పెక్ట్రోమెట్రీ. క్లుప్తంగా ఐఎంఎస్‌. ఇప్పుడు దీన్ని కొత్త పనులకూ మలుస్తున్నారు.

ఎలా పనిచేస్తుంది?

పట్టీని వేడి చేస్తే దానికి అంటిన రేణువులు ఆవిరవుతాయి. ఆ అణువులను విద్యుదావేశం ఉన్న అయాన్లుగా మార్చి, గాలి నిండిన గొట్టంలో విద్యుత్‌ క్షేత్రం సాయంతో పరుగు పెట్టిస్తారు. సాధారణంగా చిన్నవి ముందు, పెద్దవి వెనక చేరతాయి. మిల్లీసెకన్లలో ఉండే ఈ సమయాన్ని యంత్రం తన జాబితాతో పోల్చి పదార్థం ఏమిటో చెబుతుంది. వాక్యూమ్‌ అక్కర్లేదు కాబట్టి చేతిలో పట్టేంత చిన్నగానూ తయారుచేయొచ్చు.

కొత్త రసాయనాన్ని ఎలా నేర్పుతారు?

జాబితాలో లేనిదాన్ని యంత్రం పేరు పెట్టి గుర్తించలేదు. అలాగని జాబితాలో చేర్చితే సరిపోదు. పేలుడు పదార్థాలు ఎక్కువగా రుణావేశ అయాన్లుగా, మాదకద్రవ్యాలు ధనావేశ అయాన్లుగా మారతాయి. అందుకే యంత్రం సెట్టింగ్, ఉష్ణోగ్రత మార్చాలి. దాదాపు అదే సమయంలో గొట్టం దాటే వేరే పదార్థాలతో పొరబడుతుందేమో పరీక్షించాలి.

ఎక్కడ వాడుతున్నారు?

* డ్రగ్స్‌: హెరాయిన్‌లో కొద్దిగా కలిసిన ఫెంటనిల్‌ను కూడా ఇది పట్టగలదని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ శాస్త్రవేత్తలు 2017లో చూపించారు. ప్యాకెట్‌ విప్పకుండా పైన తుడిచి చూడగలిగితే సిబ్బందికి ముప్పు తగ్గుతుంది.
* అంతరిక్షం: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి నాణ్యతను చూసేందుకు 2001లో ఐఎంఎస్‌ ఆధారిత పరికరాన్ని పంపారు.
* ఆహారం: ఆలివ్‌ నూనె నాణ్యత, మాంసం తాజాదనం తేల్చేందుకు పరిశోధనలు సాగుతున్నాయి. ఇక్కడ వాసనలు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి, ముందుగా గ్యాస్‌ క్రోమటోగ్రఫీతో విడదీస్తారు.

మీ దగ్గర అలారం మోగితే?

కంగారు పడకండి. గుండె జబ్బుకు వాడే నైట్రోగ్లిజరిన్‌ మాత్రలు, చేతికి అంటిన ఎరువుల వల్లా మోగొచ్చు. అలాంటి మందులు వాడుతుంటే డాక్టర్‌ చీటీ వెంట ఉంచుకోండి, అడిగితే చూపించండి. అలారం అనుమానమే తప్ప రుజువు కాదు. పదార్థం ఏదో కచ్చితంగా తేల్చాల్సింది ల్యాబ్‌ పరీక్షే.