ఫట్‌ఫటీల పూర్వగాథ

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గము మలకపేట దాటిన పిమ్మట దిల్‌సుఖ్‌నగరము, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా లాల్‌బహదూర్‌నగరము చేరును. దీనినే జనులు ఎల్.బి.నగర్ అందురు. 2018 సెప్టెంబరునుండి ఈ బాటపై ఎత్తైన స్తంభములమీద మెట్రో రైలు నడచుచున్నది. దాని నీడలో మోటారు సైకిళ్ల ప్రవాహము తెరపి లేక సాగుచుండును. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములనుండి బ్రతుకుతెరువుకై వచ్చినవారు పెక్కురు ఈ తూర్పు కొసనే కాపురములు పెట్టిరి. పొలము ఊరిలో, కొలువు పట్టణములో. రెంటిని కలిపినది రెండు చక్రముల బండియే. కావున దీని చరిత్ర మన గ్రామములకు పరాయిది కాదు.

హైదరాబాదువారు దీనిని ఫట్‌ఫటీ యందురు. ధ్వనినుండి పుట్టిన ఇట్టి మాటను వైయాకరణులు అనుకరణశబ్ద మందురు. పత్రికలవారి 'ద్విచక్రవాహనము' కంటె నా చెవికి ఇదియే ఇంపు.

ఒక ఆదివారము ఉదయమున ఎల్.బి.నగర్ చేరువ నొక చాయదుకాణము ముంగిట పది పన్నెండు బండ్లు వరుసగా నిలిచియుండెను. యజమానులు ఒకరి బండి నొకరు పరీక్షించుచు, తమ మొదటి బండి యేది, ఎప్పుడమ్మితిమి, ఏల అమ్మితిమి అని ముచ్చటించుకొనుచుండిరి. కొందరికి రెండేసి బండ్లు: కొలువునకు బోవ నొక కొత్తది, మక్కువకొలది యొక పాతది. నేనును చేరితిని.

ఈ వాహనమునకు ఆద్యుడు జర్మనీ దేశస్థుడైన డైమ్లరు. 1885లో ఆయన కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రము నమర్చి నడపించెను. అటుపిమ్మటి విదేశచరిత్ర విస్తారము. మన దేశమునకు వత్తము.

ఆ వరుసలో మొదటిది బుల్లెట్టు. ఇంగ్లండులో పుట్టిన ఈ బండిని మన సైన్యము సరిహద్దు గస్తీకై ఎంచుకొనెను. తరువాత మద్రాసు చెంత తిరువొత్తియూరున దాని కర్మాగారము వెలసెను. 1970లో ఇంగ్లండువారు తమ ఎన్‌ఫీల్డు బండ్ల తయారీని మానివేసిరి, మద్రాసువారు మానలేదు. పుట్టినింట ఆరిన దీపము మెట్టినింట వెలిగినదన్నమాట. పాత బుల్లెట్టును లేపుట యొక విద్య. మీలో బావి యొద్ద ఆయిలింజను త్రిప్పినవారికి ఇది సులభముగా బోధపడును. అక్కడ మీట నెత్తి, గాలి బిగువు వదలించి, పిడి త్రిప్పి, వేగమందుకొనగనే మీట వదలుదురు గదా! ఇక్కడను ఎడమచేతి చెంత అట్టి చిన్నమీటయే కలదు. అది యెరుగక త్రొక్కినవాని పిక్కకు తిరుగుదెబ్బ తప్పదు. గేరు కుడికాలిక్రింద, బ్రేకు ఎడమకాలిక్రింద నుండెడివి; ఇతర బండ్ల కలవాటుపడినవాడు ఆపదవేళ బ్రేకనుకొని గేరు త్రొక్కెడివాడు. డీజిలు పోసి నడపు బుల్లెట్టును సైతము కొంతకాలము చేసిరి. పల్లెలందు దానిని పొదుపరియని మెచ్చుకొనెడివారు.

రెండవది జావా. ఈ పేరు విని యవద్వీపము తలపునకు వచ్చునేమో. దానికిని దీనికిని సంబంధము లేదు. 1929లో చెకొస్లొవేకియాలో యానెచెక్ అనునతడు వాండరరు అను సంస్థ మోటారు సైకిళ్ల శాఖను కొని, రెండు పేర్ల తొలి అక్షరములను కూర్చి ఈ నామము కల్పించెను. మన దేశమున 1961 నాటికి మైసూరులో దీని తయారీ మొదలాయెను. 1973నుండి ఆ బండ్లే యెజ్డీ పేర వచ్చెను. 1996లో కర్మాగారము మూతపడెను. త్రొక్కి లేపుటకును గేరు మార్చుటకును ఒకటే మీట. లోనికి నొక్కి పైకి త్రిప్పినచో అదియే కిక్కగును. ఒక్క ధాతువు ఉపసర్గ చేరి వేరర్థమిచ్చినట్లు!

ఇక రాజదూతు. పోలెండు నమూనాపై చేసిన 175 సీసీల బండి. బడి పంతుళ్లకు, పాలవారికి, గ్రామసేవకులకు అది కామధేనువు. నేనును 1987లో ఒకరు వాడిన రాజదూతును కొని, పదునారేండ్లు ఆ బండిమీదనే బడికి బోయితిని.

1985లో నాలుగు స్ట్రోకుల హీరో హోండా వచ్చి పెట్రోలు పొదుపు నేర్పెను. ఆ యేడే వచ్చిన యమహా ఆరెక్స్ 100 కుర్రకారునకు వేగము నేర్పెను. దాని తయారీ 1996లోనే నిలిచినను నేటికిని వెదకి కొనువారున్నారు. పొగ నిబంధనలు బిగియగా రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లు క్రమముగా తెరమరుగాయెను.

2021లో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నియమము చేసినది. ఏబది యేండ్లు దాటి, మూలరూపము చెడని బండికి 'వీఏ' అను అక్షరములతో వేరు నంబరు దొరకును. దానిని నిత్యవాడుకకు నడపరాదు. మంచి నియమమే. కాని 1985 నాటి ఆరెక్స్ 100 ఈ గౌరవమునకై 2035 వరకు వేచియుండవలెను. అందాక దానిని తూకమునకు వేయక నిలుపువాడెవడు? ఈ ప్రశ్న వేయుటకు నాకర్హత తక్కువ. 2003లో నా రాజదూతును పాత ఇనుమువానికి తూకమున నిచ్చినది నేనే. వాడు లెక్కపెట్టి చేతిలో పెట్టిన సొమ్ముతో ఇంటికి రెండు ప్లాస్టికు కుర్చీలు వచ్చినవి.

ఆ ఉదయమున వరుస చివర నొక రాజదూతు నిలిచియుండెను. దానిని తుడుచుచున్న పాతికేండ్ల యువకుడు, అది తన తాతగారిదనియు, ఆయన గతించిన పిదప పశువుల కొట్టమునుండి వెలికి దీసితిననియు చెప్పెను. నా చూపు గ్రహించియో యేమో, "సార్, లీటరుకు ఆయిలెంత కలిపేటోళ్లు?" అని యడిగెను. పెట్రోలులోనే నూనె కలుపవలసిన బండి యది. పాళము తగ్గినచో పిస్టను పట్టివేయును, హెచ్చినచో ప్లగ్గు నల్లబడును. తాతగారు పోవుటతో ఆ లెక్కయు పోయినది. 40 మిల్లీలీటర్లు కలుపుచుంటినని చెప్పితిని; చలికాలపు ఉదయములందు మొదట పెట్రోలు కొంచెము పారించి, రెండు త్రొక్కులు ఊరకే త్రొక్కి, మూడవదానికి తాళము త్రిప్పవలెననియు చెప్పితిని. అతడదియెల్ల సెల్‌ఫోనులో వ్రాసికొని, బండిని నా చేతికిచ్చెను.

మోకాళ్ల నొప్పులున్నను త్రొక్కితిని. నాలుగవ త్రొక్కునకు అంటుకొనెను.