రెండు వందల ఒకటో వరుస

తెలుగు వికీపీడియాలో గ్రామాల వర్గం ఏదైనా తెరిస్తే ఒక్కో పేజీలో 200 పేర్లే కనిపిస్తాయి. వెనక నడిచే పీహెచ్‌పీ ప్రోగ్రాం మాత్రం డేటాబేసును 201 వరుసలు అడుగుతుంది. ఆ చివరిది చూపడానికి కాదు. అది వచ్చిందంటే "తరువాతి పేజీ" లింకు పెట్టాలి, రాకపోతే అక్కర్లేదు.

డేటాబేసును అడగడం మొదటినుంచీ తేలికే. వచ్చిన జవాబును ఎలా వాడుకోవాలన్నదే పాతికేళ్లుగా మారుతూ వచ్చింది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో పీహెచ్‌పీని బయటపెట్టాడు. వికీపీడియా మొదట పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాంతో నడిచేది, వ్యాసాలు మామూలు ఫైళ్లలో ఉండేవి. 2002 జనవరిలో మాగ్నస్ మాన్స్కే అనే జర్మన్ విద్యార్థి రాసిన పీహెచ్‌పీ ప్రోగ్రాం, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు జంట దాని స్థానంలోకి వచ్చింది. రద్దీకి అదీ తట్టుకోలేకపోతే, అదే ఏడాది జూలైకల్లా లీ డేనియల్ క్రాకర్ తిరగరాశాడు. తెలుగు వికీ 2003 డిసెంబరులో, వెన్న నాగార్జున చొరవతో మొదలైంది.

ఆ రోజుల్లో ఫలితాన్ని లూపులో ఒక్కో వరుసగా లాగేవారు. గళ్లను అంకెలతో పిలిచే అలవాటు మహా ప్రమాదం: పట్టికలో ఎవరో మధ్యలో ఒక గడి చేరిస్తే జనాభా ఉండాల్సిన చోట పిన్‌కోడు ప్రత్యక్షమయ్యేది. గడిని పేరుతో పిలిచే పద్ధతి ఆ బెడద తీర్చింది. 2004లో పీహెచ్‌పీ 5, మరుసటి ఏడాది డేటాబేసుతో మాట్లాడే కొత్త పద్ధతి పీడీఓ వచ్చాయి. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది.

తెలుగుకు ఇంకో చిక్కుంది. "భద్రాచలం" మనకు నాలుగక్షరాలు. యూనికోడ్‌కు ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. వరుసలోంచి వచ్చిన పేరును పీహెచ్‌పీ పాత ఫంక్షన్‌తో పది బైట్ల దగ్గర కోస్తే నాలుగో సంకేతం మధ్యలో తెగి, "ద్రా" బదులు "ద్" పక్కన నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తుంది. వికీలో వ్యాసం పేరుకు 255 బైట్లే హద్దు. అంటే ఇంగ్లిషువాడికి 255 అక్షరాల చోటు, మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపి 85 సంకేతాలు.

భద్రాచలం చుట్టూ ఉన్న అడవి అంచు ఊళ్ల జిల్లా కూడా నిలకడగా లేదు. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం తిరిగి తూర్పుగోదావరికి, కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమగోదావరికి వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది. 2022లో చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరింది. ప్రతిసారీ ఊళ్ల వ్యాసాల్లో వర్గం మార్చాల్సిందే.

ఒకరు జాబితా చదువుతుండగా ఇంకొకరు మొదటి పేజీలోని పది ఊళ్లను వేరే జిల్లాకు మార్చారనుకోండి. "మొదటి 200 వదిలేసి తర్వాతివి ఇవ్వు" అని అడిగే ప్రోగ్రాం అయితే జాబితా పైకి జరిగిపోయి, పది ఊళ్లు చదివేవారి కంట పడకుండా పోతాయి. వికీ అలా లెక్కపెట్టదు. పక్కన పెట్టుకున్న 201వ పేరునే గుర్తుగా పట్టుకుని, అక్కణ్నుంచి మొదలుపెట్టమంటుంది.