ఐప్పసి వానల్లో అమ్మమ్మలు

చెన్నై షోళింగనల్లూరులో ఫ్లూ వానతో వస్తుంది. శ్రీనగర్లో జనవరి నుంచి మార్చి దాకా, ఢిల్లీ, పుణె, కలకత్తాల్లో నైరుతి వానల నెలల్లో ఎక్కువగా కనబడే ఈ జ్వరం చెన్నై, వేలూరుల్లో మాత్రం ఈశాన్య ఋతుపవనం కోసం కాచుకుని ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దాని రాజ్యమే. తమిళులు ఐప్పసి, కార్తిగై అంటారు ఆ నెలల్ని. పళ్లికరణై చిత్తడి నేల నిండిపోయి, ఒక్కియం మడుగు గుండా నీళ్లు బకింగ్‌హాం కాలువలో పడే రోజుల్లోనే ఇక్కడి పిల్లల డాక్టర్ల ముందు నిలబడటానికి చోటుండదు. వాన పడితే ఫ్లాట్లలో కిటికీలు మూసేస్తాం, ప్లేస్కూళ్లలోనూ అంతే. ఒకరు వదిలిన ఊపిరి మరొకరు పీలుస్తారు.

నేను నెల్లూరు జిల్లాలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కూతురూ అల్లుడూ పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. మనవణ్ణి చూసుకోవడానికి ఏటా వినాయక చవితి కాగానే ఇక్కడికి వస్తాను. మా ఊళ్లకు తూర్పున పారే బకింగ్‌హాం కాలువే ఇక్కడా తూర్పునే ఉంది. ఒకప్పుడు మా వైపు సరుకు ఆ కాలువ మీద పడవల్లో మద్రాసు చేరేది. ఇప్పుడు రైల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చేరుతున్నారు. మా బ్లాకులోనే ఒంగోలు వాళ్లున్నారు, గూడూరు వాళ్లున్నారు, గుంటూరు వాళ్లున్నారు. బిడ్డకు జ్వరమని ఫోను వస్తే చాలు, సంచీ సర్దుకుని బయల్దేరేవాళ్లే. ఈ జ్వరం చరిత్రలో ఓడల సంగతి రాశారు, సిపాయిల సంగతి రాశారు, సూక్ష్మజీవి సంగతి రాశారు. బిడ్డ పక్కన రాత్రంతా కూర్చున్న ఆడమనిషి సంగతి మాత్రం బాగా తక్కువ రాశారు.

ఆమె కనబడేది చావుల లెక్కలోనే. 1918 జూన్‌లో బొంబాయి రేవు నుంచి మొదలైన ఇన్‌ఫ్లుయెంజా మొదట మామూలు జ్వరంలాగే పోయింది. సెప్టెంబరు నుంచి రెండోసారి విరుచుకుపడింది. ఆ ఏడు వానలు సరిగా లేవు, తిండిగింజల ధరలు మండిపోతున్నాయి. దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా పోయారని చరిత్రకారుల అంచనా. 1911తో పోలిస్తే 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా తగ్గింది. ఆ తర్వాత ఏ పదేళ్లలోనూ అలా తగ్గలేదు. పోయినవాళ్లలో ఇరవై, నలభై ఏళ్ల మధ్యవాళ్లు ఎక్కువ. మన దేశంలో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువగా పోయారు. అందరూ తిన్నాక మిగిలింది తిని, తన ఒళ్లు కాలిపోతున్నా ఇంటిల్లిపాదికీ గంజి కాచి పోసే మనిషికి ఆ జ్వరం ఏం చేసి ఉంటుందో వార్డుల్లో పనిచేసిన నాకు వేరే చెప్పక్కర్లేదు.

అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ కట్టేవాళ్లు. అది చూసి పరాయివాళ్లు లోపలికి అడుగు పెట్టేవాళ్లు కాదు. కాళ్లూ చేతులూ కడుక్కోందే పురిటి బిడ్డను ఎవరికీ ఇచ్చేవాళ్లు కాదు. ఇంత కట్టడి తెలిసిన ఇళ్లలో కూడా పడిశానికి ఏ వేపమండా లేదు. జలుబే కదా అనుకున్నారు. మనం ఇవాళ్టికీ అలాగే అనుకుంటున్నాం.

1957లో జ్వరం నేరుగా మద్రాసుకే వచ్చింది. మే నెలలో సింగపూరు నుంచి వచ్చిన రజులా అనే ఓడలో జబ్బుమనుషులు దిగారు. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ల మధ్య ఏళ్ల తరబడి కూలీలనూ వ్యాపారులనూ మోసిన ఓడ అది. డెక్కు మీద జనం ఒకరినొకరు ఆనుకుని పడుకునే ప్రయాణం. కొత్త రకం వైరస్ కాబట్టి వానల కోసం ఆగలేదు, నడివేసవిలోనే ఊరంతా పాకింది. కూనూరు పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం దాన్ని వెన్నంటి చూసింది. 1958 ఫిబ్రవరి దాకా దేశంలో 44 లక్షలకు పైగా కేసులు, 1,098 మరణాలు లెక్కకెక్కాయి. ఇంట్లోనే పడి లేచినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడుంటారు?

ఆ ఇళ్లలో వైద్యం చేసింది పోపులపెట్టె. దాని మీద నాకు గౌరవం ఉంది, అభ్యంతరాలూ ఉన్నాయి. వామాకు రసం, శొంఠి, మిరియాల కషాయం, గోరువెచ్చని గంజి పెద్దపిల్లల గొంతుకు హాయినిస్తాయి. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలను మించింది లేదు. ముక్కులో ఆముదం చుక్కలు వేయడం మాత్రం మానాల్సిందే. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. స్నానం కాగానే పట్టే సాంబ్రాణి పొగ కూడా దగ్గుతున్న బిడ్డకు పనికిరాదు. ఇక పోపులపెట్టె పక్కనే ఉండే పచ్చటి డబ్బా ఉంది కదా, అమృతాంజనం! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు. ఆ డబ్బా లేని తెలుగిల్లు నా చిన్నతనంలో నేనెరగను. అయినా కర్పూరం ఉన్న ఏ లేపనాన్నీ రెండేళ్ల లోపు పిల్లల ముక్కుకూ ఛాతీకీ రాయకూడదని తల్లులకు చెబుతూనే ఉంటాను.

మా ఉద్యోగకాలంలో మాకు నేర్పిన గొప్ప పాఠం ఊపిరి లెక్కపెట్టడం. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డ 60, ఏడాది లోపు బిడ్డ 50, అయిదేళ్ల లోపు బిడ్డ 40, లేదా అంతకుమించి ఊపిరి తీస్తుంటే, డొక్కలెగరేస్తుంటే, పాలు పట్టకపోతే ఇక ఇంటివైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. పల్లెల్లో అక్షరం రాని తల్లులు కూడా డొక్కలెగరేయడం గుర్తుపట్టి బిడ్డను భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. ఎందరు పిల్లలు అలా బతికారో నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు టీకా ఉంది. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి అయిదేళ్ల దాకా ఏటా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. మొదటిసారి వేసేటప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల్లో అది లేదు కాబట్టి డబ్బు పెట్టుకోవాలి. మా బ్లాకులో చాలామంది తల్లిదండ్రులు పెట్టుకుంటున్నారు, సంతోషం. కానీ ప్లేస్కూలు నుంచి మనవడు తెచ్చే జ్వరం మొదట అంటుకునేది వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ముక్కు తుడిచే మనిషికే. అరవై అయిదు దాటినవాళ్లకూ, షుగరో ఉబ్బసమో ఉన్నవాళ్లకూ ఈ జ్వరం చాలా ప్రమాదం. బిడ్డకు వేయించినరోజే పక్కనున్న అమ్మమ్మకూ వేయించమని ఎంతమందికి తోస్తోంది?

అందుకే ఈ మధ్య నేను వినాయక చవితి వెళ్లగానే, వానలకు ముందే, మా మెట్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లతో ఈ మాటే ఎత్తుతున్నాను. ఒంగోలు వదినగారు మొదట్లో "నాకెందుకు వదినా, డబ్బు దండగ" అనేవారు. ఆవిడకు ఉబ్బసం. కొడుకుతో నేనే మాట్లాడాను. దండగ కాదని ఆ అబ్బాయికి వెంటనే అర్థమైంది. తల్లినీ కూతుర్నీ కలిపి తీసుకెళ్లి వేయించుకొచ్చాడు. గూడూరు ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. రేపు మళ్లీ వెళ్లి అడుగుతాను.