తలకు దెబ్బ తగిలితే నష్టపరిహారం: మనిషి తిరుగుతున్నాడని కేసు వదిలేయకండి

బండి మీంచి పడ్డ మనిషి పది రోజులకు ఇంటికొస్తాడు. కుట్లు విప్పేస్తారు, అన్నం తింటాడు, పలకరిస్తే పలుకుతాడు. గండం గడిచిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. గుద్దిన బండి యజమాని నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకొని వచ్చి, ఆసుపత్రి ఖర్చు ఇస్తాను, కేసు వద్దంటాడు. సంతకం పడిపోతుంది. అసలు సంగతి మూడు నెలలకు తెలుస్తుంది. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు, చిల్లర లెక్క తప్పుతుంది, చిన్న మాటకే చెయ్యెత్తుతాడు. పనికి పిలిచేవాళ్లు ఉండరు.

విరిగిన కాలు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మారిపోయిన మనిషి మాత్రం ఇంట్లోవాళ్లకే కనిపిస్తాడు. మెదడు గాయం కేసులో ఆ మార్పును కోర్టు కూడా చూసేలా చేయగలిగితేనే న్యాయమైన పరిహారం వస్తుంది.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి సంగతి మనకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 2023 అక్టోబరు 26 తెల్లవారుజామున పొగమంచులో ఆగి ఉన్న ట్యాంకరును సుమో గుద్ది 13 మంది పోయారు. చింతామణి నుంచి మదనపల్లెకు పోయే దారీ అంతే. చావులు పత్రికల్లో వస్తాయి, తలకు దెబ్బతో బతికి బయటపడ్డవాళ్ల సంగతి రాదు.

మొదటి వారం కాగితాలు

ఆసుపత్రిలో చేర్చిన క్షణం నుంచే కేసు తయారవుతుంది. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే కంగారులో "బండి మీంచి పడ్డాడు" అనేస్తాం. కేసు షీటులో "తనంతట తానే పడ్డాడు" అని రాస్తారు. రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ ఒక్క ముక్కే పట్టుకొని, ఇందులో మా బండి ఎక్కడుందంటాడు. ఏ బండి గుద్దిందో, నంబరు తెలిస్తే అదీ మొదటి చోటే రాయించండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. స్పృహ తప్పాడా, ఎంతసేపు, వాంతులయ్యాయా అన్నవి, గ్లాస్గో కోమా స్కేలు అంకె, సీటీ స్కాన్ ఫిల్ములు అన్నీ దాచాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు.

చికిత్స ఖర్చుకు కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత పథకం ఉంది. రోడ్డు ప్రమాద బాధితుడికి మొదటి 7 రోజుల్లో 1.5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది.

ఎఫ్ఐఆర్, మహజరు కన్నడంలో ఉంటాయి. పిల్లలు బడిలో చదివింది కన్నడమే కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు చదవగలరు. సంతకానికి ముందే చదివించుకోండి. ఇంకో చిక్కు పేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, హిందూపురం ఆసుపత్రి కాగితంలో వెనక, పోలీసు కాగితంలో అసలు లేదు. ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న కోర్టులో తప్పక వస్తుంది. ముందే సరిచేయించుకుంటే మేలు.

ఎక్కడ, ఎప్పటిలోగా

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ప్రమాదం ఆంధ్రలో జరిగినా బాధితుడు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో వేయొచ్చు. కదిరి దగ్గర దెబ్బ తగిలిందని కదిరి కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు అమల్లో ఉంది. ఈ నిబంధన చెల్లుబాటు తేలేవరకు గడువు దాటిందని పిటిషన్లు కొట్టెయ్యవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని నమ్ముకొని కూర్చోకండి. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలని నిబంధనలున్నాయి. అది వెళ్లిందో లేదో మీరే కనుక్కోండి. మనిషి పూర్తిగా కోలుకున్నాక వేద్దాం అనుకోవడం మెదడు గాయంలో పెద్ద పొరపాటు. పిటిషన్ ముందు వేసి, వైకల్యం సాక్ష్యం పరిస్థితి కుదుటపడ్డాక పెట్టొచ్చు.

బాధితుడు కోమాలో ఉన్నా, తన మంచిచెడ్డలు చూసుకోలేని స్థితిలో ఉన్నా భార్యో, తండ్రో అతని తరఫున "నెక్స్ట్ ఫ్రెండ్"గా కేసు నడపొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు అందుకు దారి ఇస్తుంది. తెలివి లేని మనిషి వేలిముద్ర వకాలత్ మీద వేయించే పని మాత్రం చేయకండి.

హెల్మెట్ లేదని కేసు పోదు, పరిహారంలో కొంత కోత పడొచ్చు. ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో తప్పు బాధితుడిదని అనలేరని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. టమోటా, పూల లోడు బండి ఎక్కేవాళ్లకు ఇంకో మాట. సరుకు బండిలో సరుకు యజమాని వెంట పోతే ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. దారిలో చేయెత్తి ఎక్కినవాడికి సాధారణంగా వర్తించదు. ఎవరి సరుకో చూపే మండీ చీటీ ఉంటే దాచండి.

శాతం దగ్గరే అంతా ఉంది

డాక్టరు ఇచ్చే వైకల్య శాతం ఒకటి, సంపాదన పోయిన శాతం ఇంకొకటి. రెండూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో వివరంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరు బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది, గుమాస్తాకు అంత పోకపోవచ్చు. మెదడు విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. కేరళలో బైకు వెనక కూర్చొని దెబ్బతిన్న యువకుడికి డాక్టర్లు 69 శాతం వైకల్యం అన్నారు. 2021లో సుప్రీంకోర్టు దాన్ని నూరు శాతంగా లెక్కించింది.

లెక్క చూడండి. 34 ఏళ్ల తాపీ మేస్త్రి, నెలకు 15,000 అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. సొంత పనివాడు, 40 ఏళ్లలోపు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 40,32,000. సంపాదన నష్టం 30 శాతమని తేలితే 12,09,600 వస్తుంది. 70 శాతమైతే 28,22,400. కుటుంబం ఎలా బతుకుతుందన్నది ఈ తేడాలోనే తేలుతుంది. ఆదాయానికి రుజువు లేకపోతే లోక్ అదాలత్‌ల కోసం రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ పెట్టుకున్న పట్టికను మన హైకోర్టు తరచు చూస్తుంది. అయినా బ్యాంకు పాస్‌బుక్కు, పాల డెయిరీ చీటీలు, మేస్త్రి లెక్కల పుస్తకం ఏదున్నా పెట్టండి.

శాతం నిరూపించడానికి స్కాన్ చాలదు. జ్ఞాపకం, ధ్యాస, నిర్ణయశక్తి ఎంత తగ్గాయో కొలిచే న్యూరోసైకలాజికల్ పరీక్ష ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో చేస్తారు. వైద్యం చేసిన డాక్టరే సాక్ష్యం చెబితే బలం ఎక్కువ. కోర్టు చుట్టూ తిరుగుతూ సర్టిఫికెట్లు ఇచ్చే డాక్టర్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలని రాజ్‌కుమార్ తీర్పే ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఫలానా తేదీన స్టవ్ ఆర్పడం మరిచిపోయాడు, ఫలానా రోజు ఇల్లు తెలియక బస్టాండులో కూర్చున్నాడు అని ఎప్పటికప్పుడు రాయండి. భార్య సాక్ష్యం చెప్పేటప్పుడు "ముందులా లేడు" అన్న మాటకంటే తేదీతో చెప్పే ఒక్క సంగతి బరువైనది. మేస్త్రి, పొరుగువాళ్లు కూడా సాక్షులే.

కనిపెట్టుకొని ఉండేవాళ్ల కూలి

దీన్ని అడగడమే మన ఇళ్లలో మరిచిపోతారు. భార్య చూసుకుంటుంది కదా అంటారు. హర్యానాలో 12 ఏళ్ల బాలిక 2007లో లారీ ప్రమాదంలో మెదడు దెబ్బతిని పసిబిడ్డ స్థితిలో మిగిలింది. 2020 ఫిబ్రవరి 5 తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు నెలకు 10,000 చొప్పున గుణకం 18తో లెక్కించి ఈ ఒక్క పద్దుకే 21.6 లక్షలు ఇచ్చింది. నొప్పి, బాధ కింద 15 లక్షలు. హైకోర్టు ఇచ్చిన 25.78 లక్షలు కాస్తా 62 లక్షలు దాటింది. కాబట్టి పిటిషన్‌లో మందులు, ఫిజియోథెరపీ, రాకపోకలు, మనిషిని పెట్టుకునే ఖర్చు వేర్వేరుగా అడగండి.

రాజీ, లాయరు ఫీజు

లోక్ అదాలత్‌లో రాజీ తప్పేమీ కాదు. కానీ అక్కడ కుదిరినదానిపై అప్పీలు ఉండదు. నిమ్హాన్స్ నివేదిక చేతికి రాకముందే ఒప్పుకోవద్దు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని లాయరు వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మహిళలు, పిల్లలు, వికలాంగులు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. తాలూకా న్యాయసేవా సమితిలో అడగొచ్చు, లేదా 15100కు ఫోను చేయొచ్చు.

కట్టడం పనిలో పైనుంచి పడి తలకు దెబ్బ తగిలితే దారి వేరు. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద రెండేళ్లలోగా అడిగేవారు. ఇప్పుడు కార్మిక చట్టాలు మారుతున్నాయి కాబట్టి లాయరును అడిగి అడుగు వేయండి.

ట్రిబ్యునల్ తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. వచ్చిన డబ్బులో కొంత బ్యాంకు డిపాజిట్‌గా ఉంచమని కోర్టు చెబుతుంది. వైద్యానికి అవసరమైతే బిల్లులు చూపి, విడుదల చేయమని అదే కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి.