మైకేల్ డానా: ప్రపంచ వాద్యాల సినీ స్వరకర్త

కెనడాకు చెందిన సినీ సంగీత దర్శకుడు మైకేల్ డానా 1958 సెప్టెంబరు 20న విన్నిపెగ్‌లో పుట్టారు. టొరంటో విశ్వవిద్యాలయంలో స్వరరచన చదువుతూ 1985లో గ్లెన్ గౌల్డ్ పేరిట ఇచ్చే ఉపకార వేతనం అందుకున్నారు. మధ్యయుగాల ఐరోపా సంగీతం మీద, ఇతర ఖండాల సంప్రదాయాల మీద ఆయనకు మక్కువ కలిగింది అక్కడే. మధ్యయుగ వాద్యాలు వాయించే టొరంటో కన్సార్ట్ బృందం, ఇండోనేషియా గమేలాన్ వాయించే ఎవర్‌గ్రీన్ క్లబ్ బృందం రెండూ ఆ ఊరివే. 1987 నుంచి 1992 దాకా అక్కడి మెక్‌లాఫ్లిన్ నక్షత్రశాలకు ఆస్థాన స్వరకర్తగా పనిచేశారు.

ఆర్మీనియా మూలాలున్న దర్శకుడు ఆటమ్ ఎగోయన్‌తో తొలి సినిమా 'ఫ్యామిలీ వ్యూయింగ్' కూడా 1987లోనే వచ్చింది. లండన్‌లో కొందరు రికార్డు వ్యాపారులు సమావేశమై, దుకాణాల్లో ఏ అరలో పెట్టాలో తెలియని పరదేశపు పాటలన్నిటికీ 'వరల్డ్ మ్యూజిక్' అనే పేరు ఖాయం చేసిందీ ఆ ఏడాదే. తర్వాతి కాలంలో హాలీవుడ్ ఈ సంగీతాన్ని ఊరి పేరు చెప్పే బోర్డులా వాడుకుంది. ఎడారి కనిపిస్తే ఒక వాద్యం, గుడి కనిపిస్తే మరొకటి. డానా మాత్రం పాత్రల మనసులో ఏముందో చెప్పడానికి దూరదేశపు నాదాన్ని పిలిచారు. టొరంటోలోని ఒక నైట్‌క్లబ్ కథ 'ఎగ్జోటికా'లో (1994) భారతీయ, పశ్చిమాసియా స్వరాలు వినిపించడం అందుకే. ఆ చిత్రానికి కెనడా జాతీయ పురస్కారం జీనీ దక్కింది.

1997లో వచ్చిన రెండు సినిమాలు ఆయన పద్ధతికి గీటురాళ్లు.

ఎగోయన్ తీసిన 'ది స్వీట్ హియరాఫ్టర్'లో బడి బస్సు గడ్డకట్టిన సరస్సులో మునిగి ఊరి పిల్లలు చనిపోతారు. పిల్లనగ్రోవి ఊది హామెలిన్ పట్టణపు పిల్లలందరినీ వెంట తీసుకుపోయినవాడి గాథ ఆ కథకు నేపథ్యం. డానా ఆ గాథనే పట్టుకుని, నేటి కెనడా మంచు కొండల మీద మధ్యయుగ ఐరోపా వాద్యాలను, వాటితోపాటు ఇరాన్ వేణువు నేయ్‌ని వినిపించారు. ఆ రెల్లు గొట్టంలోంచి వచ్చే ఊపిరి చప్పుడులో తల్లిదండ్రుల దుఃఖమంతా ఉంది.

రెండోది ఆంగ్ లీ దర్శకత్వంలోని 'ది ఐస్ స్టార్మ్'. 1973లో అమెరికాలోని కనెక్టికట్‌లో విడిపోతున్న కుటుంబాల కథ అది. అక్కడ గమేలాన్‌కేం పని అనిపించవచ్చు. గమేలాన్‌లో కంచు గంటలు, లోహపు పలకలు ఒకదాని నాదాన్ని మరొకటి అందుకుంటూ పోతాయి. ఏ ఒక్కరూ ముందుకొచ్చి మెరవరు. ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరు ఏమీ కాకుండా పోతున్న మనుషుల వెనుక ఆ సామూహిక సంగీతం మోగుతుంటే, వాళ్లు పోగొట్టుకున్నదేమిటో మాటల్లేకుండానే తెలుస్తుంది. అమెరికా ఆదివాసుల వేణువు దానికి తోడైంది.

కథ ఏ నేలదో ఆ నేల సంగీతమే కావలసి వచ్చినప్పుడు ఆయన అక్కడి కళాకారులనే ఆశ్రయించారు. మీరా నాయర్ 'కామసూత్ర'లో (1996) శుభా ముద్గల్ గొంతు వినిపిస్తుంది. 'మాన్‌సూన్ వెడ్డింగ్'కు (2001) ఢిల్లీ పెళ్లి ఊరేగింపు బ్యాండు ఊపు ఇచ్చింది. దీపా మెహతా 'వాటర్'లో (2005) పాటలు ఏ.ఆర్. రెహమాన్‌వి, నేపథ్య సంగీతం డానాది. 1915 నాటి ఆర్మీనియన్ల ఊచకోతను తలచుకునే ఎగోయన్ చిత్రం 'అరారత్' (2002) ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఆప్రికాట్ చెక్కతో చేసే ఆర్మీనియా వాద్యం దుదుక్, హాలీవుడ్‌లో ఏ ప్రాచీన కథకైనా వాడే సరుకైపోయిన రోజుల్లో, ఈ చిత్రంలో తన సొంత జాతి గోడు చెప్పుకుంది.

ఆంగ్ లీతోనే చేసిన 'లైఫ్ ఆఫ్ పై' (2012) ఆయనకు ఆస్కార్, గోల్డెన్ గ్లోబ్ రెండూ తెచ్చిపెట్టింది. కథానాయకుడు పుదుచ్చేరి పిల్లవాడు. ఫ్రెంచి పాలన 1954 దాకా సాగిన ఆ గడ్డ మీద రెండు సంస్కృతులు ఎలా కలిసిపోయాయో అదే పాలన చూసిన యానాం వారికి చెప్పక్కర్లేదు. డానా ఫ్రెంచి బాణీని సితారుకు, భారతీయ బాణీని అకార్డియన్‌కు అప్పగించి ఆ కలయికను వినిపించారు. ఇందులోని తమిళ జోలపాట రాసి పాడిన బాంబే జయశ్రీకి ఉత్తమ గీతం విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

తమ్ముడు జెఫ్ డానాతో కలిసి ఆయన చాలా చిత్రాలకు పనిచేశారు. తాలిబాన్ పాలనలోని కాబూల్ బాలిక కథ 'ది బ్రెడ్‌విన్నర్' (2017) వాటిలో ఒకటి. అయినా ఆస్కార్ చిత్రంతోనే డానాను ఎరిగినవారు 'ది ఐస్ స్టార్మ్' సంగీతాన్ని ఒక్కసారి శ్రద్ధగా వినాలి. ఆయన చేసిన వాటిలో అదే అత్యుత్తమం.