కవల పిల్లల బరువు ఎంత ఉండాలి? డాక్టర్లు లెక్క ఎలా చూస్తారు?

‘ఒకరు 2.4 కిలోలు, ఇంకొకరు 1.8 కిలోలు’ అని నర్సు చెప్పగానే బయట కూర్చున్న ఇంటివాళ్లకు భయం పట్టుకుంటుంది. తల్లి సరిగ్గా తినలేదన్న మాట కూడా అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు ఆ మాటలో న్యాయం ఉండదు. కవలల బరువును ఒక్కరుగా పుట్టిన బిడ్డ బరువుతో పోల్చడంతోనే సగం గందరగోళం వస్తుంది.

2.5 కిలోల గీత

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2,500 గ్రాముల కంటే తక్కువుంటే తక్కువ బరువు. 1,500 గ్రాముల లోపు చాలా తక్కువ, 1,000 గ్రాముల లోపు అతి తక్కువ. ఈ గీత అందరికీ ఒకటే, కవలలకు వేరే ఏమీ లేదు. అందుకే అమెరికాలో కూడా కవలల్లో సగానికి పైగా దీని కిందికే వస్తారు. అక్కడ తిండికి లోటుండి కాదు. కవలలు సాధారణంగా 35, 36 వారాలకే పుట్టేస్తారు. పైగా గర్భంలో చివరి నెలల్లో వాళ్ల ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది.

వారాలతో కలిపి చూడాలి

బరువు ఒక్కటే చూస్తే సరిపోదు, ఎన్ని వారాలకు పుట్టారన్నది కూడా చూడాలి. దీనికే పర్సంటైల్ చార్టులు వాడతారు. అదే వారంలో పుట్టిన 100 మంది పిల్లల్ని బరువు ప్రకారం వరుసలో పెడితే, మొదటి 10 మందిలో ఉన్న బిడ్డను ‘వారాలకు తగ్గ బరువు లేదు’ అంటారు. 34 వారాలకు 2 కిలోలతో పుట్టిన బిడ్డ, 38 వారాలకు 2 కిలోలతో పుట్టిన బిడ్డ ఒకటి కాదు. మొదటి బిడ్డ తొందరగా పుట్టింది, రెండో బిడ్డ కడుపులో సరిగ్గా పెరగలేదు.

2014లో వచ్చిన ఇంటర్‌గ్రోత్-21 చార్టులు చాలా దేశాల్లో వాడుకలో ఉన్నాయి. ఎనిమిది దేశాల్లో కొలతలు తీసి వాటిని తయారు చేశారు. మన దేశం నుంచి నాగ్‌పూర్ ఉంది. అయితే అవి ఒకే బిడ్డ కాన్పుల లెక్కలు.

కవలల చార్టు వేరుగా ఉండాలా?

దాదాపు 28 నుంచి 32 వారాల దాకా కవలలు మామూలు బిడ్డల్లాగే పెరుగుతారు. ఆ తర్వాత తేడా మొదలవుతుంది. అందుకే అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో కవలలకు వేరే చార్టులు వేశారు. వీటివల్ల ఆరోగ్యంగా ఉన్న కవలల మీద ఊరికే ‘బలహీనం’ అన్న ముద్ర పడదు. కానీ కొందరు డాక్టర్ల అభ్యంతరం వేరు: కవలల చార్టులో మామూలుగా కనిపించిన బిడ్డకు నిజంగానే మాయ నుంచి పోషణ తగ్గి ఉంటే, ఆ సంగతి మరుగున పడిపోవచ్చు. అందుకే చార్టు ఒక్కటే నమ్మకుండా డాప్లర్ స్కాన్‌తో బొడ్డుతాడులో రక్తప్రవాహం కూడా చూస్తారు.

ఇద్దరి మధ్య తేడా

పెద్ద బిడ్డ బరువులోంచి చిన్న బిడ్డ బరువు తీసేసి, వచ్చినదాన్ని పెద్ద బిడ్డ బరువుతో భాగించి 100తో గుణించాలి. పైన చెప్పిన ఇద్దరికీ తేడా 0.6 కిలోలు, అంటే 25 శాతం. 20 లేదా 25 శాతం దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు.

ఇద్దరికీ ఒకే మాయ ఉంటే ముప్పు ఎక్కువ. ఇలాంటి గర్భాల్లో 100కి 10 నుంచి 15 వరకు ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు ఎక్కువగా వెళ్లే సమస్య వస్తుంది. మాయ ఒకటా, రెండా అన్నది 11 నుంచి 14 వారాల స్కాన్‌లోనే బాగా తెలుస్తుంది. మాయ ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి, వేర్వేరుగా ఉంటే సుమారు నాలుగు వారాలకోసారి స్కాన్ అవసరం. మొదటి స్కాన్ రిపోర్టు పారేయకుండా దాచుకోవాలి.

పుట్టాక ఏం చేయాలి?

1,800 గ్రాముల లోపు లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డను సర్కారు దవాఖానాల్లోని నవజాత శిశు విభాగంలో (ఎస్‌ఎన్‌సీయూ) చేరుస్తారు. తల్లి ఛాతీకి బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తండ్రి, నానమ్మ కూడా ఇలా పట్టుకోవచ్చు. తేనె, ఘుట్టీ, చక్కెర నీళ్లు పెట్టకూడదు, తల్లిపాలే ఇవ్వాలి. చప్పరించే బలం లేకపోతే పాలు పిండి గిన్నెతో పట్టాలి.

మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గడం మామూలే. రెండు వారాలైనా పుట్టిన బరువుకు చేరకపోతే, పాలు తాగడం మానేస్తే, ఒళ్లు చల్లబడితే ఆలస్యం చేయకుండా దవాఖానాకు తీసుకెళ్లాలి.