జనాభా లెక్కల్లో 'పనిలేనివారు'

అమెరికాలో వయసు వచ్చిన ఇంతమంది ఎందుకు పనిలో లేరన్న చర్చ ఆ దేశపు ఆర్థికవేత్తల మధ్య చాలాకాలంగా నడుస్తున్నది. 2000 సంవత్సరం తొలినాళ్ళలో పదహారేళ్ళు నిండినవారిలో నూటికి 67 మందికి పైగా పనిలోనో, పని వెతుకులాటలోనో ఉండేవారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య 62 పరిసరాలకు దిగింది. ముసలితనం, చదువు, జబ్బు, ఇంట్లో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవలసి రావడం అని కారణాలు చెబుతారు. అవి అబద్ధాలు కావు. కాని ఆ లెక్క ఎట్లా పుడుతున్నదో కూడా చూడాలి. నెలనెలా కొన్ని వేల ఇళ్ళలో అడుగుతారు: పోయిన వారం జీతానికో లాభానికో పనిచేశావా? లేకుంటే గడచిన నాలుగు వారాల్లో పని వెతికావా? రెండింటికీ లేదన్నవాళ్ళు దాదాపు అందరూ శ్రామికశక్తికి బయటివాళ్ళు. మంచాన పడ్డ తల్లికి పగలూ రాత్రీ సేవచేసే కూతురూ బయటిదే. జైళ్ళలో ఉన్నవారినైతే లోపలా బయటా ఎక్కడా లెక్కించరు.

పనిలేనివాడు ప్రకృతిలో దొరికే పదార్థం కాడు. ప్రశ్న అడిగేవాడికీ జవాబు చెప్పేవాడికీ మధ్య తయారయ్యే మనిషి. ఈ సంగతి తెలియడానికి అమెరికా దాకా పోనక్కరలేదు, మా దేవరకొండ చాలు.

మన జనాభా లెక్కల చరిత్రనే తీసుకోండి. 1931లో మనుషుల్ని సంపాదించేవారు, పనిచేసే ఆధారితులు, పనిచేయని ఆధారితులు అని విడదీశారు. 1951లో స్వయంపోషకులన్నారు, కొంత సంపాదించే ఆధారితులన్నారు, సంపాదన లేని ఆధారితులన్నారు. అంటే కొలబద్ద చెమట కాదు, సంపాదన. అదే కొలబద్దను నిజాం కాలపు నల్లగొండ జిల్లా మీద పెట్టి చూడండి. దొర గడీలో చాకిరీకి కూలి లేదు, కనుకనే దాన్ని వెట్టి అన్నారు. భగేలాకు ఉన్నది అప్పేగాని సంపాదన కాదు. తాత చేసిన అప్పుకు మనుమడు దొర పొలంలో అరక పట్టాడు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం చేసింది గాని, వెట్టి కూలిపోవడానికి 1946-51 నాటి సాయుధ పోరాటం కావలసి వచ్చింది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పనిచేసినవాణ్ణి సంపాదన అనే మాట ఎట్లా పట్టుకోగలదు?

1961లో కొలత కొంత సడలింది. వ్యవసాయం వంటి రుతువుల పనిలో సీజను ఎక్కువ భాగం రోజుకు ఒక గంటైనా పనిచేస్తే శ్రామికులే. ఆనాడు దేశంలోని స్త్రీలలో సుమారు 28 శాతం ఆ లెక్కలోకి వచ్చారు. 1971లో ప్రశ్న మార్చి, నీ ముఖ్యమైన పని ఏదని అడిగారు. ఇంటిపని అన్నది ఆడమనిషి. అంతే, 28 శాతం 14 దగ్గరకు పడిపోయింది. ఆ పదేళ్ళలో దేశంలోని ఆడవాళ్ళలో సగం మంది కొడవళ్ళు కింద పడేశారా? నాట్లు మగవాళ్ళు వేశారా? ఒక్క ప్రశ్నలో మాట మారితే కోట్లమంది శ్రామికులు గృహిణులైపోయారు! 1981లో ఏడాదిలో 183 రోజులు పనిచేసినవారు ప్రధాన శ్రామికులనీ, తక్కువ చేసినవారు ఉపాంత శ్రామికులనీ మరో గీత గీశారు. వానమీద ఆధారపడి ఆముదాలు, జొన్నలు పండించే మా మెట్టభూమి మనిషికి 183 రోజుల పని ఎక్కడిది? నేల ఇవ్వని పనికి మనిషిని ఉపాంతం చేశారు. 1991లో గాని, సొంత పొలంలోనూ కుటుంబపు వృత్తిలోనూ కూలి లేకుండా చేసే పనిని కలుపుకొని అడగాలన్న మాట ప్రశ్నలోకి ఎక్కలేదు.

బడిపంతుళ్ళం గనుక ఈ లెక్కలు రాసే బాధ్యత మాదే. 2011 ఫిబ్రవరిలో దేవరకొండ దగ్గరి ఒక తండాలో నేను కాగితాలు పట్టుకొని తిరిగాను. "ఏం పని జేస్తవమ్మా?" అంటే, "నాకేం పనుంటది సారూ, ఇంట్లనే ఉంట" అన్నది ఒక లంబాడ ఇల్లాలు. ఆమె చేతిలో పాలచెంబు ఉంది, వాకిట్లో అప్పుడే దించిన కట్టెలమోపు ఉంది. బర్రెనెవరు పిండుతరు, పత్తి ఎవరేరిన్రు అని ఒక్కొక్కటే అడిగితే గాని శ్రామికురాలు బయటపడలేదు. ఇంట్లోకి వాడుకునే పాలు పిండినా పనిగానే రాయాలని మాకిచ్చిన సూచనల్లో ఉంది. ఆ బర్రె లేకపోయి ఉంటే, ఆ కట్టెలమోపూ బిందెలూ పొయ్యీ కలిసి ఆమెను శ్రామికురాలిని చేయగలిగేవి కావు. 'ఇంటిపని' పక్క గళ్ళలో ఎవరున్నారో కూడా చెప్పాలి: విద్యార్థి, పింఛనుదారు, అద్దెలూ కౌళ్ళూ తిని బతికేవాడు, బిచ్చగాడు. గృహిణులను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో ఒక జాబితాలో కలపడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. కౌలు తినే దొరతో కలిపినందుకు మాత్రం ఎవరూ నొచ్చుకోలేదు. 2019లో కేంద్రం జరిపిన కాలవినియోగ సర్వేలో, కూలిలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది.

మా వైపు ఆ గళ్ళలోకి చేరే మరో మనిషి కూడా ఉన్నాడు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో బావినీళ్ళే మనిషిని పనినుంచి తప్పించాయి. రాతిపొరల్లోని ఫ్లోరైడు నీళ్ళలో దిగి, ఎముకల్లో చేరి, నడివయసుకే వెన్ను బిగుసుకుపోతుంది, మోకాళ్ళు వంకర్లు తిరుగుతాయి. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటికతో, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెడితే దానికి నల్లగొండ పేరే పెట్టారు. పేరు దేశాలు తిరిగింది. ఊళ్ళకు మాత్రం బోరునీళ్ళే మిగిలాయి. 1955లో పునాది వేసిన నాగార్జునసాగర్ ఇక్కడికి కూతవేటు దూరమే అయినా, దాని ఎడమ కాలువ పల్లపు మిర్యాలగూడ వైపు పారింది, మెట్ట మెట్టగానే ఉంది. కృష్ణ నీళ్ళు తాగడానికి వచ్చింది చాలా ఆలస్యంగా. అవి కొత్త తరాన్ని కాపాడతాయి గాని వంగిన ఎముకను నిటారు చేయలేవు. ముప్పై అయిదేళ్ళకే అరుగుమీద కూలబడ్డవాణ్ణి 'ఆధారితుడు' అని రాస్తాం. ఏ నీళ్ళు అతణ్ణి ఆధారితుణ్ణి చేశాయో రాసే గడి లేదు. తాగగల నీళ్ళ కోసం బిందెలతో నడిచింది కూడా పైన చెప్పిన 'పనిలేని' ఆడవాళ్ళే. మిగిలిన గట్టివాళ్ళు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు పాలమూరు కూలీల దారినే పట్టి, హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టారు. ఊరిని చూడవచ్చినవాడికి అరుగుల మీద ముసలివాళ్ళూ అవిటివాళ్ళూ కనిపిస్తారు. ఈ ఊళ్ళో ఎవరూ పనిచేయరేమని అడిగి పోతాడు.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకంటే, అభ్యుదయ సాహిత్యం శ్రమనే తన వస్తువుగా ప్రకటించుకున్నది గనుక. మన కథల్లో రైతు, కూలీ, మిల్లు కార్మికుడు పనిచేస్తూ కనిపిస్తారు. తల్లి వండుతుంది, వడ్డిస్తుంది, కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అది వాత్సల్యం కింద జమ. ఆమె ఎన్ని బిందెలు మోసిందో, ఎన్ని గంటలకు లేచిందో లెక్కపెట్టిన రచయితలు తక్కువ. 1971 నాటి ప్రశ్నను మన కథకులూ చాలామంది అడిగారు, 'ముఖ్యమైన పని' మాత్రమే చూశారు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా, తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ళ పని వాళ్ళ నోటనే పుస్తకరూపంలో వినడం మనకు సాధ్యం కాలేదు. విద్యార్థులు ఆ పుస్తకాన్ని పోరాట నవలల పక్కన పెట్టుకొని చదవాలి. ఏ పని ఎక్కడ రాలిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

ఈ జిల్లావాడే అయిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నతనంలో ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేసిపెట్టి చదువు నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయన జీవితచరిత్ర చెప్పే ప్రతివారూ గౌరవంగా చెబుతారు, చెప్పాలి కూడా. ఒక మగపిల్లవాడు పరాయి ఇంట్లో వండితే అది కష్టపడి పైకి వచ్చిన చరిత్ర అయింది. ఆ ఏళ్ళలోనే ఆ ఊరి ప్రతి ఇంటా పొయ్యి దగ్గర కూర్చున్న మనిషిని జనాభా లెక్కలు ఆధారితుల్లో రాసుకున్నాయి.